విశాలాక్షి గారి చూర్ణాలు

"అమ్మ క్లినిక్‌కి రాదు సార్. మీరే అమ్మ దగ్గరికి రావాలి," అంది సుప్రజ.

తార్నాకలో సైకియాట్రిస్టుగా పేరున్న భానుప్రకాశ్ ఇలాంటి కోరిక ఎప్పుడూ వినలేదు. సుప్రజ అతని భార్య పద్మశ్రీతో కలిసి యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. అందుకని కాదనలేక కూర్చున్నాడు.

"రిటైరై విశాఖ నుంచి ఇక్కడికి వచ్చేసింది. అప్పట్నుంచీ ఒకటే దిగులు. మందులంటే మండిపడుతుంది. అశ్వగంధ, బ్రాహ్మి, ఇంకా ఏవేవో ఆన్‌లైన్లో తెప్పించుకుని మింగుతోంది. అన్నీ ప్రకృతి ఇచ్చినవేనట!"

"డాక్టర్లతోని మాట్లాడరా?"

"పారిపోతుంది. రోజూ పొద్దున క్యాంపస్‌లో వాకింగ్‌కి వెళ్తుంది. మీరు కూడా దిగులుపడే మనిషిలా పరిచయం చేసుకుంటే..."

"అంటే యాక్టింగ్ చెయ్యాల్నా?"

"కొంచెం సార్."

భానుప్రకాశ్‌కి నవ్వొచ్చింది. సరేనన్నాడు.

మర్నాడు ఆర్ట్స్ కాలేజీ ఎదుట బెంచీ మీద విశాలాక్షి దొరికింది. పక్కన ఫ్లాస్కు, ఒళ్లో స్టీలు డబ్బా. అతను బెంచీకి ఆ చివర కూలబడి, ముఖం వేలాడేసుకున్నాడు.

"ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?"

"ఏం చెప్పాలమ్మా. నిద్ర పడతలేదు."

"ఆకలి?"

"ముద్ద దిగుతలేదు."

"ఇంట్లో వాళ్లతో మాట్లాడుతున్నావా?"

"మాట్లాడబుద్ధి అయితలేదు. టీవీ పెట్టుకుంట, గోడ చూస్తుంట."

భానుప్రకాశ్‌కి తన మీద తనకే ముచ్చటేసింది. పాఠ్యపుస్తకంలోని లక్షణాలన్నీ ఎక్కడా తడుముకోకుండా చెప్పేశాడు మరి!

"మందులేమైనా వాడుతున్నావా?"

"అశ్వగంధ పొడి. పాలల్ల వేసుకుంట."

ఈ ఒక్కటీ కల్పన కాదు. డబ్బా ఒకటి అతని క్లినిక్ సొరుగులో, ఎవరి కంటా పడకుండా ఉంటోంది. సహజమైన పొడే కదా, పోయేదేముంది అనుకున్నాడు.

"అయితే మనిద్దరిదీ ఒకే పార్టీ!" అంటూ విశాలాక్షి ఫ్లాస్కులోంచి కషాయం పోసింది. ఒక్క గుక్కకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత రోజుకో చూర్ణం. చూర్ణం అరగాలంటే నడవాలని లైబ్రరీ దాకా నడిపించేది. పరగడుపున పడదని డబ్బాలోంచి పెసరట్లు తీసి తినిపించేది. తిన్నంతసేపూ కబుర్లు చెప్పించేది. అతను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ ముందు ఆవిడే అడిగేసేది.

'మీ అమ్మగారు ఓపెన్ అవుతున్నరు' అని సుప్రజకి మెసేజ్ పెట్టేవాడు.

ఒక రోజు విశాలాక్షి కొత్త సీసా బయటికి తీసింది.

"ఇది సెయింట్ జాన్స్ వర్ట్ అని విదేశీ మూలిక. ఇది పడిందంటే ఇక డాక్టర్లతో పనే లేదు."

భానుప్రకాశ్ ఉలిక్కిపడ్డాడు. వేషం సంగతి మరిచిపోయాడు.

"అమ్మా, మూలికైనా గది మందే. వేరే మందులతోని కలిస్తే ఖతర్నాక్ అయితది. ఎవరికి పడతదో, ఎంత వేసుకోవాల్నో మీకేం ఎరుక? మీకు మీరే డాక్టరైతే ఎట్ల?"

"తప్పంటావా?"

"ముమ్మాటికీ తప్పే!"

"మరి నువ్వు చేస్తున్నదేమిటి బాబూ? నీ పొడి ఏ డాక్టరు రాసిచ్చాడు?"

భానుప్రకాశ్ మళ్లీ ముఖం వేలాడేసుకున్నాడు.

"సరే, ముందు నువ్వు చూపించుకో. ఆ తర్వాత నేను. ముషీరాబాద్‌లో విజయశ్రీ అని ఎవరో బాగా చూస్తారట."

అతని పంట పండింది. విజయశ్రీ తనతో కలిసి చదువుకున్న మనిషే! ఇంటికి రాగానే ఫోన్ చేసి నాటకమంతా వివరించాడు.

"నన్ను ఎరగనట్టే అన్నీ అడుగు. ఏదో ఒకటి రాసియ్యి."

"అలాగే," అంది విజయశ్రీ.

ఆమె నిజంగానే అన్నీ అడిగింది. పక్కనే విశాలాక్షి. భానుప్రకాశ్ అలవాటైన జవాబులు గడగడా అప్పజెప్పాడు. నిద్ర, ఆకలి, టీవీ, గోడ.

"ఇదంతా ఎప్పట్నుంచి?"

ఈ ప్రశ్నకి జవాబు ముందుగా అనుకోలేదు.

"నా దగ్గరికి ఒక పిల్లగాడు వస్తుండె," అన్నాడు చివరికి. "మంచిగైండనే అనుకున్న. నవ్వుకుంటనే పోయిండు ఆ రోజు. మళ్లా రాలే. ఇంక రాడు. నేను... నేను కనిపెట్టాల్సి ఉండె."

ముఖం చేతుల్లో దాచుకున్నాడు. విశాలాక్షి అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. విజయశ్రీ మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. తర్వాత మందు రాసింది.

"ఆ పొడి ఇవాళే ఆపెయ్యి. వచ్చే వారం మళ్లీ రా. తప్పకుండా రావాలి."

బయటికొచ్చాక భానుప్రకాశ్ కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. గుండె ఎందుకో తేలికైంది. సుప్రజకి మెసేజ్ కొట్టాడు: 'యాక్టింగ్ అదిరింది. ఏడుపు గూడ వచ్చింది. అమ్మగారు ఫుల్లుగా నమ్మిండ్రు.'

అతను కారు తీసుకురావడానికి అటు వెళ్లగానే విశాలాక్షి ఫోన్ తీసి, "మీ ఆయన చూపించుకున్నాడమ్మా పద్మశ్రీ, విశాఖలో అన్నేళ్లు సైకియాట్రిస్టుగా పనిచేశాను గానీ, పేషెంటు వేషం వేసుకుని వచ్చిన పేషెంటుని చూడటం ఇదే మొదటిసారి," అంది.