పడిపోయింది

"బావా, పడిపోయింది!" మనకంటే ముందే తెరిచే తూర్పు మార్కెట్‌లో డీలరుగా ఉన్న బావమరిది గొంతు ఫోనులో వణికింది.

"గట్టిగానా?"

"చాలా గట్టిగా. మీరు వెంటనే..."

బావ మిగతాది వినలేదు. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న షేర్లన్నీ అమ్మేశాడు. ఈయనకేదో ఉప్పందిందని ట్రేడింగ్ హాలంతా గొర్రెదాటుగా అమ్మింది.

మధ్యాహ్నానికి ఇక్కడి మార్కెట్ కుప్పకూలింది. ఆ వార్త విని తూర్పు మార్కెట్టూ కూలింది.

సాయంత్రం బావే ఫోను చేశాడు. "సమయానికి చెప్పి బతికించావురా! ఇంతకీ పొద్దున మీ మార్కెట్ ఎందుకు పడింది?"

"పొద్దున లేచింది బావా. మీది పడ్డాకే మాదీ పడింది."

"మరి పడిపోయిందన్నావు?"

"అక్క, బావా. మా ఇంటి మెట్ల మీంచి. ఎన్నిసార్లు చేసినా మీరు ఎత్తలేదు."

"లేచిందా?"

"ఇంకా లేవలేదు."