కారు ఆయిలే బెస్టు

"ఆగవే, అది కారు ఆయిలు! పడవ ఇంజనుకి పొయ్యకూడదు."

డబ్బా వంచబోతున్న మా మేనకోడలు నన్ను ఎగాదిగా చూసింది. "మొన్న ఇంజనుకి జలుబు చేసిందని నాచేత దుప్పటి కప్పించావు మామయ్యా. ఇంక నీ మాట నమ్మను."

నిజమే, కప్పించాను. కానీ ఇప్పుడు వేళాకోళం కాదు. రేపే తన కొత్త పెట్రోలు పడవలో మొదటిసారి జనాన్ని ఎక్కించుకుంటోంది. నడినీళ్లలో ఇంజను పట్టేస్తే ఏం గతి?

"ఒట్టు! నీళ్లలో తిరిగేదానికి తుప్పు పట్టనివ్వని ఆయిలు వేరే ఉంటుందే."

"కథలు!" అంటూ డబ్బా ఇంకాస్త వంచింది.

నేను చటుక్కున పళ్లికిలించాను. "సరే, పొయ్యి తల్లీ. కారు ఆయిలే బెస్టు. పుస్తకం గిస్తకం చూడకు."

దాని చెయ్యి ఆగిపోయింది. డబ్బా కిందపెట్టి, ఇంజనుతో వచ్చిన పుస్తకం తీసి చదివింది. కొట్టుకెళ్లి పడవ ఆయిలు తెచ్చి పోసింది.

తాడు లాగగానే ఇంజను హాయిగా అందుకుంది.

"ఒక రౌండు వేసి చూస్తా. నువ్వు మాత్రం ఎక్కకు మామయ్యా," అంది ముసిముసిగా నవ్వుతూ.

చెప్పులు చేత్తో పట్టుకుని, వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను.