అప్పజెప్పని మాట

"ఎవరైనా మన భాషలో పలకరించినా సరే, ఆగకండి," అంది గైడు పిల్ల, బస్సు దిగకముందే.

"మన భాష వీళ్ళకెలా వస్తుందమ్మా?" అన్నాడు వెనక సీట్లోని మాస్టారు.

"అందరి భాషల్లోనూ నాలుగేసి ముక్కలు నేర్చుకుంటారండీ. అన్నా అంటారు, వదినా అంటారు. కరిగిపోయారో, మూడు కళ్ళజోళ్ళు అంటగట్టి గానీ వదలరు."

"ఆ ముక్క మా ఆవిడకి గట్టిగా చెప్పండి. ఎవడైనా వదినా అన్నాడంటే దుకాణం మొత్తం బస్సులోకి ఎక్కించేస్తుంది."

బస్సంతా నవ్వింది.

కిటికీ పక్కన కూర్చున్న వడ్రంగి నవ్వలేదు. అతను ఊరు చూడటానికి రాలేదు.

పన్నెండేళ్ళ కిందట, గుమ్మం చెక్క బెత్తెడు పొట్టిగా కోశాడని, ఇల్లు కట్టించుకునేవాళ్ళ ఎదుటే తమ్ముడి చెంప పగలగొట్టాడు. తమ్ముడు ఆ కోసిన చెక్కను గోడకి చేరేసి, ఒంటి మీది పొట్టు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడెక్కడో తిరిగి ఈ దేశంలో తేలాడని తర్వాత తెలిసింది. మూడేళ్ళ కిందట, పోయాడని ఉత్తరం వచ్చింది. అందులో అద్దెగది చిరునామా ఉంది.

వడ్రంగికి కావలసింది ఒక్కటే. పోయేముందు వాడు తనను తలుచుకున్నాడా? తలుచుకుంటే, ఏమని?

ఈ మూడేళ్ళూ ఎవరింట గుమ్మం ఎత్తినా అతని చెయ్యి ఒక్క క్షణం ఆగుతూనే ఉంది.

కూడలి అంచున వరసగా దుప్పట్లు పరిచి ఉన్నాయి. కళ్ళజోళ్ళు, బెల్టులు, టోపీలు. ప్రతి దుప్పటికీ నాలుగు మూలలా తాళ్ళు. తాళ్ళ కొసలు అమ్మేవాడి పిడికిట్లో. పోలీసు కనబడితే ఒక్క లాగు లాగుతాడు. దుప్పటి మూటవుతుంది, మూట భుజానికెక్కుతుంది, మనిషి సందులో ఉంటాడు.

'పనితనం తెలిసినవాళ్ళే' అనుకున్నాడు వడ్రంగి.

జేబులోంచి ఉత్తరం తీశాడు.

"అమ్మా, ఆరింటిదాకా ఎవరిష్టం వాళ్ళదన్నావు కదా. నన్ను ఈ చిరునామాకి చేర్చగలవా?"

"ఇక్కడ మీకెవరున్నారు బాబాయ్?"

"ఉండేవాడు."

ఆ మాట వినబడ్డట్టుంది, కళ్ళజోళ్ళ దుప్పటి దగ్గరున్న మనిషి గబుక్కున లేచాడు. నెరిసిన గడ్డం, పీలమనిషి. తాళ్ళు నేల మీదే వదిలేసి వచ్చి వడ్రంగి మణికట్టు పట్టుకున్నాడు.

"అన్నా."

"చూశారా, చెప్పానా?" అంది గైడు.

"వద్దయ్యా. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

ఆ మనిషి వదల్లేదు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా..."

అతని చేతిలో కళ్ళజోడు లేదు. ఆ సంగతి వడ్రంగి చూశాడు. చూసి కూడా చెయ్యి విదిలించుకున్నాడు.

ఈలోగా విజిల్ మోగింది. దుప్పట్లన్నీ మూటలయ్యాయి, మూటలన్నీ సందుల్లో కలిసిపోయాయి. ఒక్క కళ్ళజోళ్ళ దుప్పటే మిగిలింది. ఆ మనిషి మాత్రం వడ్రంగి చొక్కా అంచు పట్టుకుని అలాగే ఉన్నాడు.

పోలీసు వచ్చి అతని జబ్బ పట్టుకున్నాడు. గైడుని ఏదో అడిగాడు.

"ఈయన మీకు తెలుసా అంటున్నాడు బాబాయ్. తెలిసినవాడు పలకరించాడంటే వదిలేస్తాడట. లేకపోతే మనల్ని సతాయించినట్టు లెక్కట."

"ముక్కూ మొహం ఎరగనివాడు, నాకెలా తెలుస్తాడమ్మా?"

"తెలీదనే చెప్పమంటారా?"

"చెప్పు."

బండి ఎక్కించాక, అద్దం వెనక ఆ మనిషి పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఒక్క మాట కాదు, చాలాసేపు.

"తిడుతున్నాడా?"

"తిట్టడూ మరి? కాగితాలు లేవట. ఇలాంటివాళ్ళని అటునుంచటే నాలుగింటి ఓడెక్కించి వాళ్ళ దేశం పంపేస్తారు. మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. పదండి, మీ చిరునామా చూద్దాం."

సందులన్నీ తిరిగి ఆ ఇల్లు పట్టుకునేసరికి నాలుగున్నర దాటింది.

ఇంటావిడ ముసలమ్మ. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఉత్తరం చూసి, మూడంతస్తులూ ఎక్కించి ఒక గది తలుపు తీసింది.

రెండు మంచాలు, మధ్య ఓ చెక్క బీరువా. బీరువా మూలన చెక్కలు కలిసిన చోట వడ్రంగి బొటనవేలితో తడిమాడు. ఎక్కడా మేకు లేదు, సందు లేదు.

"వాడి చేతిదే," అన్నాడు. "నాకింత సాఫీగా రాదు."

ముసలమ్మ మొదటి మంచం చూపించి చెప్పసాగింది. గైడు తెలుగులో చెబుతూ వచ్చింది.

"ఇక్కడే పోయారట. మూడు రోజులు జ్వరం. ఆఖరి రాత్రి మీ పేరే పలవరించారట."

వడ్రంగి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడట?"

"మన భాషలో అన్నారు, ఈవిడకి తెలీదట. రెండో మంచం ఆయనకీ తెలీదట. కానీ మీ తమ్ముడు ఆయనచేత పదేపదే చెప్పించి బట్టీ పట్టించారట. మా వాళ్ళెవరైనా కనబడితే చెప్పు, మా అన్నకి చేరుస్తారు అని. ఆయన మర్చిపోకుండా రోజూ పొద్దున్నే ఓసారి చెప్పుకుని గానీ పనికి వెళ్ళరట."

వడ్రంగి ముఖం తుడుచుకున్నాడు. మూడేళ్ళ తర్వాత అతని పెదవుల మీద నవ్వులాంటిదేదో కదిలింది.

"ఆయన వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. బస్సు పోతే పోనీ. ఎన్నింటికి వస్తాడో అడుగు తల్లీ."

గైడు అడిగింది. ముసలమ్మ కిటికీలోంచి కూడలి వైపు వేలు చూపిస్తూ చెప్పింది. వింటున్న గైడు తలెత్తలేదు.

"ఏమంటోందమ్మా?"

"ఆ రెండో మంచం... ఇందాక మనం తెలీదన్నామే బాబాయ్, ఆయనదట."