పై అంతస్తు

ఉత్తరం అందగానే స్మరాండా కిందికి దిగి లివియు తలుపు కొట్టింది.

"నా పోలీసు ఫైలు దొరికిందట. మంగళవారం వచ్చి చూసుకోమన్నారు. నా కళ్లకి అక్షరాలు ఆనవు కదా, నువ్వొచ్చి చదివిపెట్టాలి."

ఇరవై మూడేళ్లుగా ఆమెకంటే ఎక్కువగా ఆ ఫైలు కోసం ఎదురుచూసినవాడు లివియు.

"నేనా?"

"మరెవరు? ఈ మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లనీ అనుమానించగా అనుమానించగా చివరికి నమ్మడానికి నువ్వొక్కడివే మిగిలావు."

పాత ప్రభుత్వం రోజుల్లో టైపు మిషను ఉన్నవాళ్లు ఏటా దాని అక్షరాల నమూనా పోలీసులకి ఇచ్చిరావాలి. స్మరాండా మిషను అలా నమోదైంది కాదు. దాన్ని కుట్టుమిషను పెట్టెలో దాచి, రొట్టె కోసం గంటలకొద్దీ ఈ క్యూలేమిటని నిలదీసే కరపత్రాలు కొట్టేది. అవి బ్రయిలా ఊరంతా తిరిగాయి. ఎక్కడ తయారవుతున్నాయో తెలియక పోలీసులు ఏడాదిపాటు తలలు బాదుకున్నారు.

ఒక గురువారం సాయంత్రం నాలుగున్నరకి ముగ్గురు మనుషులు ఎవరినీ ఏమీ అడక్కుండా తిన్నగా మూడో అంతస్తుకి ఎక్కారు. కాగితం ఇంకా మిషనులోనే ఉంది. మూడేళ్ల జైలు పడింది. ఆమె తిరిగొచ్చేసరికి తల్లి పోయి ఏడాదయింది.

ఆమె ఇంటి సంగతి వాళ్లకి చేరవేసిందెవరు?

లివియుది ఆమె కింది ఇల్లే. అప్పట్లో రేవులో గుమాస్తా పని చేసేవాడు. మిగతా వేళంతా కవిత్వం. మొదట్లో ఓడల మీదా జెండాల మీదా రాస్తే ఊరి సాహిత్య పత్రిక సంపాదకుడు తిప్పికొట్టాడు. "ఇవి ఎవడైనా రాస్తాడయ్యా. నిన్ను దెయ్యంలా పట్టి పీడించేది ఏదో ఒకటి ఉంటుంది. అది రాసి పట్రా" అన్నాడు.

లివియుని పట్టి పీడించేది పై అంతస్తు. ఆమె నీలం కోటు, తాళం రెండుసార్లు తిప్పే అలవాటు, తన నెత్తిమీద ఆమె నడక, టకటకా ఆమె అక్రోట్లు పగలగొట్టే చప్పుడు. పేరు చెప్పకుండా అన్నీ రాసేశాడు. ఒక్కటీ వృథా పోలేదు, అన్నీ అచ్చయ్యాయి. ఊళ్లో కవిగారనిపించుకున్నాడు. ఆమెకి మాత్రం నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. కవిత్వం ఆమెకి ఎక్కదు. పత్రిక ముట్టుకునేది కాదు.

ప్రతి శరత్కాలం సంచినిండా అక్రోట్లు మాత్రం పట్టుకెళ్లేవాడు.

"నాకివి పడవయ్యా. నోరంతా దురద. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అనేది. మర్యాదకి అంటోందనుకునేవాడు. పై ఏడు మళ్లీ తెచ్చేవాడు.

కిందటి ఏడు ఎలాగో గుండె చిక్కబట్టుకుని పెళ్లి మాట ఎత్తాడు. ఆమె నవ్వలేదు. "నన్ను పట్టించినవాళ్లెవరో తెలిసేదాకా ఈ మెట్ల మీద ఎవరి చెయ్యీ పట్టుకోను. రేపు నా పక్కన కూర్చుని సూప్ తాగేది వాళ్లే కావచ్చు" అంది.

లివియుకి ఆ మనిషెవరో ఎప్పుడో తెలుసు. నేల అంతస్తులో ఉండే జాంఫిరా. భవనం పెత్తనం ఆవిడదే. కిటికీ పరదా ఎప్పుడూ బెత్తెడు తెరిచే ఉంటుంది. ఆవిడ మొగుడు పోయినప్పుడు, ఆయన పేరున ఉడికించిన గోధుమల ప్రసాదం ఇంటింటికీ పంచుతూ లివియు గుమ్మంలోకి వస్తే, పళ్లెం ముట్టుకోకుండా తలుపు వేసేశాడు. చచ్చినవాడి ప్రసాదం కాదనడం ఎంత పాపమో తెలిసే వేశాడు. ఆవిడతో పలకరింపు లేక ఇరవై మూడేళ్లు. అదే భవనంలో ఉండే ఒక్తావ్‌తో చదరంగం మానేసి కూడా అంతే. స్మరాండాని పట్టుకెళ్లిన ఏడే వాడు కారు కొన్నాడు మరి.

మంగళవారం ఇద్దరూ బయల్దేరుతుంటే పరదా కదిలింది.

"ఇంత ముస్తాబై ఎక్కడికి, కవిగారూ?"

"నీ చేతిరాత చూడ్డానికి" అన్నాడు లివియు.

"చూసుకో నాయనా. నీళ్లు రావన్న నోటీసు తప్ప నేనేం రాశానని!"

స్మరాండా ఆగింది. "ఎందుకలా పొడుస్తావు? ఆవిడే అని రుజువేముంది?"

"గంటలో మీరే వింటారుగా."

పాత ఫైళ్ల కచేరీలో గుమాస్తా తాడు కట్టిన ఫైలు బల్లమీద పెట్టి, ఆమె చేత సంతకం చేయించుకుని వెళ్లింది. పలచటి ఫైలు. ఇన్నేళ్ల బతుకుని పాడుచేసింది ఇంతేనా అని స్మరాండా దాన్ని చేత్తో తడిమింది.

"పేరు రాగానే నీళ్లు నమలకు. గట్టిగా చదువు."

"ఎవరిదైనా సరేనా?"

"ఎవరిదైనా సరే. వాళ్ల మొహం మీదే అడుగుతాను, మా అమ్మని చివరిసారి చూడనివ్వకుండా చేశారే, మీకేం దక్కిందని."

లివియు ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. మొదటిసారి ఆమె వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో కళ్లద్దాలు సర్దుకుని, తాడు విప్పి, అట్ట తెరిచాడు.

ఆయన ఆమె చేతిమీంచి తన చెయ్యి తీసేసుకున్నాడు.

"ఏమయ్యా, జాంఫిరాయేనా?" అంది స్మరాండా. "చెప్పు, ఎవరు?"

మొదటి పుటకి అతికించి ఉన్నది ఊరి సాహిత్య పత్రికలోంచి కత్తిరించిన లివియు కవిత, అందులో "గురువారం గురువారం నాలుగున్నరకి నా నెత్తిమీద ఆమె అక్రోట్లు పగలగొడుతుంది" అన్న పాదం కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు.