చట్టంలో లేని ఆకు

"టీచర్, ఎవరో తాత వచ్చాడు," అంది మొదటి బెంచీలోని మంకా.

ఐకా టీచర్‌కి ప్రాణం విసిగిపోయింది. అట్లాసులు పన్నెండు, పిల్లలు తొంభై ముగ్గురు. ఇప్పుడు తాత కూడానా!

గుమ్మంలో పాత కోటు వేసుకున్న పెద్దాయన, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"హెడ్మాస్టర్ షాయోగారు కావాలమ్మా."

"మోషీ పట్నం వెళ్లారు. రేపు స్కూలు స్థలం కేసుంది, వకీలుతో పని. ఎల్లుండి రండి."

"ఎల్లుండి వస్తే లాభం లేదమ్మా. ఆయన వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

బయట వాన. పొమ్మనడానికి ఆమెకి నోరు రాలేదు. ఏ మనవరాలి కోసమో వచ్చి ఉంటాడనుకుని చివరి బెంచీ చూపించింది. అప్పటికే ఐదుగురున్న బెంచీలో ఆయన ఆరోవాడుగా ఇరుక్కున్నాడు.

"ఎప్పుడూ ఇలాగే కూర్చుంటారా?" అని అడిగాడు.

"కొత్త గదులు కట్టనివ్వకుండా కోర్టు ఆపేసింది తాతా," అంది పక్కపిల్ల.

"మాటలాపండి!" అని ఐకా టీచర్ భూగోళం పాఠం మొదలుపెట్టింది. గోడ మీది మ్యాపులో వేలు పెట్టి, "ఈ నీలం గీత మన వాగు. కొండ మీద నుంచి దిగి..."

"ఆ వాగు ఇప్పుడటు పోవట్లేదమ్మా," అన్నాడు తాత. "ఎగువనే అరటితోటలకి కాలవ తిప్పేశారు. వస్తూ చూశాను."

పిల్లలు పకపకా నవ్వారు.

"పాఠం నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"మీరే చెప్పండమ్మా. చిన్నప్పుడు అందులో ఈత కొట్టినవాణ్ణి, నోరు ఊరుకోలేదు."

ఇంకేముంది, క్లాసంతా వెనక్కి తిరిగి కూర్చుంది. ఎంత లోతుండేది తాతా, చేపలుండేవా తాతా! భూగోళం పీరియడ్ అలా గంగలో కలిసింది.

తర్వాతి పీరియడ్ పౌరశాస్త్రం, చట్టం పాఠం. పిల్లల్ని తనవైపు తిప్పుకోవడానికి టీచర్ వాళ్లకి బాగా తెలిసిన గొడవే ఎత్తుకుంది.

"మన పక్కనున్న అరెకరం. నలభై ఏళ్ల కిందట దాని ఆసామి స్కూలుకి నోటిమాటతో ఇచ్చాడు. పెద్దల ముందు హద్దుకి ఇసాలే మొక్కలు నాటారు. ఇప్పుడు ఆయన కొడుకు, నికోడెము మాకుందీ అట, దార్ ఎస్ సలాంలో ఉంటాడు, మనం మొహమైనా చూడలేదు, మనుషుల్ని పెట్టి మొక్కలు పీకించి కేసు వేశాడు. ఏం చెయ్యాలి వాణ్ణి?"

"కట్టెయ్యాలి!"

"తన్నాలి!"

"తన్నడం చట్టం కాదు, నోర్ముయ్యండి! కాగితం లేకపోయినా సాక్షులున్నారు మనకి. అయినా పిల్లలు కూర్చునే చోటు లాక్కునేవాడు మనిషేనా?"

చివరి బెంచీలో చెయ్యి లేచింది. తాతదే.

"అమ్మా, వాడే తప్పయిందని ఇసాలే ఆకు పట్టుకుని వస్తే? మన కొండ మీద ఆకు చాపినవాణ్ణి క్షమించకుండా పంపకూడదు కదా?"

ఐకా టీచర్‌ది ఆ కొండే. ఆ సంగతి ఆమెకి ఉగ్గుపాలతోనే తెలుసు. కానీ అప్పటికే ఆమె ఓపిక అడుగంటింది.

"ఆకూ అలమూ చట్టంలో లేవు తాతా! వాడొస్తే ఆ ఆకు మేకకి పెడతాను. ఇక కూర్చోండి!"

క్లాసు గొల్లుమంది. తాత కూర్చోలేదు. టోపీ పెట్టుకుని, పిల్లల మోకాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వానలోనే వెళ్లిపోయాడు.

"హమ్మయ్య," అంది టీచర్ పైకే.

మర్నాడు మోషీలో, భూముల కోర్టు వసారాలో, కేసు వినడానికి వచ్చిన ఐకా టీచర్ దగ్గరికి హెడ్మాస్టర్ కంగారుగా వచ్చాడు.

"ఇందాకే వకీలు చెప్పాడు ఐకా. మాకుందీ మనసు మార్చుకున్నాడట. స్థలం స్కూలుకే వదిలేస్తానని, ఆ మాట తనే వచ్చి చెప్తానని నిన్న స్కూలుకి బయల్దేరాడట. ఎవరూ రాలేదా?"

"ఎవరూ రాలేదండీ. ఎవరో తాత ఒకాయన నా రెండు పీరియడ్లూ తగలేసి పోయాడు, అంతే."

లోపల బంట్రోతు పిలిచాడు.

"నికోడెము మాకుందీ!"

"కేసు నడిపించండయ్యా," అంటూ నిన్నటి చివరి బెంచీ తాత లేచి నిలబడ్డాడు.