ఆగిపోయిన ఇంజను

"మళ్లీ ఆపేశాడు."

పక్కవాళ్లకు వినబడాలనే అంది లూర్దెస్.

సముద్రం మధ్యలో పడవ ఇంజను చప్పున ఆగింది. ఎదుటి దీవిలోంచి చర్చి గంట సన్నగా వినిపించింది.

పడవ నడిపే ముసలి ఇసిద్రో, అందరూ మానోంగ్ అంటే పెద్దన్న అని పిలిచే ఆయన, టోపీ తీశాడు. "దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పెను" అని మొదలుపెట్టగానే, చేపల బుట్టల మీద కూర్చున్నవాళ్లు, కునుకు తీస్తున్నవాళ్లు తక్కిన మాట అందుకున్నారు.

త్రికాల జపం. గంట కొడితే చేతిలో పని ఆపి చెప్పుకునే జపం. లూర్దెస్‌కీ చిన్నప్పుడే నోటికి వచ్చు. ఇప్పుడు మాత్రం ఆమె పెదవులు కదలడం లేదు. కళ్లు రేవు మీదున్నాయి.

రేవులో ఆఖరి జీపు ఉంటుంది. గంట కొట్టిన కాసేపటికి కదిలిపోతుంది. అది పోతే కొండ మీది ఇంటికి నడకే. చేరేసరికి నాలుగేళ్ల కూతురు నిద్రపోయి ఉంటుంది.

పొద్దున బయల్దేరేటప్పుడూ నిద్రే. పట్నంలో కుట్టుపనికి చేరిన దగ్గర్నుంచీ ఆదివారం తప్ప పిల్ల కళ్లు తెరిచి ఉండగా చూసింది లేదు.

జపం అయిపోయింది. ఇంజను మోగలేదు. ఇసిద్రో ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ ఊరికే కూర్చున్నాడు.

ఆ కూర్చోవడమే లూర్దెస్‌కు ఒళ్లు మండించేది.

"ఆమెన్ అయిందిగా మానోంగ్. ఇంకా ఎవరి కోసం?"

"ఒక్క క్షణం తల్లీ."

"దేవదూత మరియమ్మకు మంచి కబురే తెచ్చాడు. నాకు మాత్రం రోజూ జీపు వెళ్లిపోయిందన్న కబురే."

పడవలో నవ్వులు లేచాయి. ఇసిద్రో కూడా నవ్వాడు.

"మరియమ్మకు మాత్రం పని లేదా తల్లీ? చెయ్యి ఆపింది కాబట్టే ఆ మాట చెవిన పడింది."

"ఆవిడకు జీపు లేదు."

ఆ సాయంత్రమూ జీపు దొరకలేదు. ఇంట్లో భర్త బెనీటో వల అల్లుతున్నాడు. పాప చాప మీద నిద్రపోతోంది. అరచేతిలో సగం కొరికిన అరటిపండు. అమ్మకు సగం దాచిందట.

మర్నాడు లూర్దెస్ తోటి కుట్టుపనివాళ్లను వెంటబెట్టుకుని పడవ యజమాని దగ్గరికి వెళ్లింది. భక్తి ఉంటే ఒడ్డున చూపించుకోమనండి, సముద్రంలో మమ్మల్ని కూర్చోబెట్టి కాదు అంది. యజమాని వారించబోయాడు. ఆమె వినలేదు.

వారం తిరక్కుండా ఇసిద్రో స్థానంలో కొత్తవాడు వచ్చాడు. వెళ్లేటప్పుడు ముసలాయన అతనికి ఒకటే చెప్పాడట, గంట వేళకు ఒక్కసారి ఇంజను ఆపి చెవొగ్గి వినమని. కొత్తవాడు తలూపాడు. ఎక్కీ ఎక్కగానే రేడియో పెట్టాడు.

ఆ రోజు పడవ ఎక్కడా ఆగలేదు. ఇంజను మోతలో గంట కొట్టిందో లేదో తెలియనే లేదు.

లూర్దెస్‌కు జీపు దొరికింది.

ఇంటి మెట్ల దగ్గరే పాప ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంది. అన్నం తిన్నాక చేతులు జోడించి, రోజూ చెప్పుకునే మాటే చెప్పుకుంది.

"మా నాన్న కోసం చెడిపోయిన ఇంజన్ను చల్లగా చూడు స్వామీ."

ఆ ప్రార్థన బెనీటో నేర్పిందే. మూడేళ్ల కిందట, వాళ్లింకా దూరపు తీరంలో ఉన్నప్పుడు, తుపానులో అతని పడవ బోల్తా పడింది. చెక్క పట్టుకుని ఎక్కడెక్కడో కొట్టుకుపోయాడు. మసక చీకట్లో ఒక పడవ ఇంజను చప్పుడు దూరమైపోతూ, ఉన్నట్టుండి ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతను కేక వేశాడు. అంతే గుర్తు. కళ్లు తెరిచేసరికి పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. తెచ్చినవాళ్లు పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాతే సముద్రం మానేసి, లూర్దెస్ తల్లి ఊరని ఈ దీవికి వచ్చారు.

ఆ పడవ ఇంజను సరిగ్గా అప్పుడే చెడిపోవడం తన అదృష్టమంటాడు బెనీటో.

మర్నాటి సాయంత్రం పడవలో లూర్దెస్ మనసు తేలిగ్గా ఉంది. బసిల్యా దగ్గర కొబ్బరిపాల బియ్యపు ముద్దలు కొంది. బసిల్యా ఎన్నో ఏళ్లుగా ఈ పడవలోనే వాటిని అమ్ముతోంది. ఇసిద్రో వెళ్లిన దగ్గర్నుంచీ లూర్దెస్‌తో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఆమెను నవ్విద్దామని పాప ప్రార్థన సంగతి, దాని వెనక కథ చెప్పింది లూర్దెస్.

బసిల్యా నవ్వలేదు.

"తుపాను వెలిసిన మర్నాడేనా?"

"అవును."

"ఎడమ చెవి వెనక కోసుకుపోయిందా అతనికి?"

"మచ్చ ఇంకా ఉంది. నీకెలా తెలుసు?"

బసిల్యా బుట్ట మీద గుడ్డ సర్దింది.

"ఆ నెత్తురు తుడిచింది నేనే. ఇక్కడే, కాస్త అటుగా. పడవ తిప్పి మళ్లీ పట్నం తీసుకుపోయాం. ఆ రోజు మా అందరికీ జీపు పోయింది."

లూర్దెస్ చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. కొత్తవాడి రేడియోలో ఎవరో పాడుతున్నారు. రేవు దగ్గరవుతోంది. జీపు అక్కడే ఉంది.

"మానోంగ్ ఇప్పుడెక్కడ?"

"దక్షిణాన ఏదో దీవిలో కూతురుందట. ఊరి పేరు ఎవరికీ చెప్పలేదు."

"మరి... ఆ రోజు ఇంజను చెడిపోయే కదా పడవ ఆగింది?"

"చెడిపోవడమేమిటి?" అంది బసిల్యా. "ఇసిద్రో నడిపినన్నాళ్లూ ఈ ఇంజను ఒక్కనాడూ చెడిపోలేదు."