కచ్చా పర్మిట్

"పొద్దుగూకేలోపు మల్ల ఆలేరు ఠాణాల కనవడాలె పటేలా. జర జల్ది చూడు."

వచ్చినాయన చెప్పులు గడప అవతలనే ఇడిచిండు. ముప్పై ఐదేండ్లుంటయి. ఐదు కోసులు నడిచొచ్చిండు. మోకాళ్ల దాక దుమ్ము.

పటేలు కాటమయ్య కాయితం అందుకున్నడు. ఉర్దూల ఉన్నది చదివి, వాకిట్ల ఎవరన్న ఉన్నరా అని చూసిండు.

"పాకిస్తాన్ నుంచొచ్చినవా?"

"పోయొచ్చిన పటేలా. పట్నంల నేను పనిచేసే మిల్లు సావుకారి కరాచీ పోతుంటె, కూలికి ఎంటవోయిన. ఆడ ఉండబుద్ధి గాలె. కచ్చా పర్మిట్ మీద తిరిగొచ్చిన. మూడు నెలలకే ఇచ్చిన్రు. ఎల్లుండితోని ఒడుస్తది."

"అయితే నేనేం జెయ్యాలె?"

"పక్కా పర్మిట్ కావాలంటె పుట్టిన ఊరి పటేలు దస్కత్ ఉండాలె. ఈ ఊర్లె నావోళ్లు ఒక్కరన్న ఉన్నరని రాయాలె. అప్పటిదాక ఆలేరు దాటాలన్నా ఠాణా చిట్టీయే. ఇగో, ఇయ్యాల్టి చిట్టీ."

కాటమయ్య ఆ చిట్టీని తిప్పి తిప్పి చూసిండు. సంతకు తోలే ఎడ్లకు రాహదారి చిట్టీ ఉంటదని తెలుసు. మనిషికి గూడ ఉంటదని అప్పుడే చూసుడు.

"పేరేంది?"

"సైదులు. దూదేకులోళ్లం. నాకు ఐదేండ్లప్పుడు కరువొచ్చి పట్నం పోయినం."

"సైదులంటె ఎవరనుకోవాలెనయ్యా? మా మేకలు కాసేటోడు గూడ సైదులే."

అదీ నిజమే. జాన్‌పహాడ్ సైదులు దర్గకు మొక్కుకున్న ప్రతి ఇంట్ల, హిందువులైనా సరే, ఒక సైదులుంటడు.

"నువ్వు నాకు యాదికి లేవు. ఈ ఊర్లె నీకెవరున్నరు? ఏమైతరు?"

సైదులు తల దించుకున్నడు.

"ఏమైతరో నేను చెప్పేది గాదు పటేలా. అమ్మ ఉన్నదా? ఒక్కసారి పిలువు. నన్ను చూస్తె ఆమెనే చెప్తది."

"మా అమ్మతోని నీకేం పని?"

"చూసి పోత. గంతే."

కాటమయ్యకు ఈ లొల్లి ఎప్పుడు ఒడుస్తదా అని ఉన్నది. పోలీస్ యాక్షన్ అయి మూడేండ్లే. భయం ఇంకా పోలేదు. పటేల్గిరి గుంజుకుందామని దాయాదులు అర్జీ పెట్టి కూసున్నరు. పాకిస్తాన్ పోయొచ్చినోనికి దస్కత్ పెట్టిండని తెలిస్తె ఇగ అంతే సంగతులు.

అయినా లోపలికి కేకేసిండు.

"అమ్మా! సైదులొచ్చిండు. నిన్ను చూస్తడట!"

నర్సింగమ్మ పెరట్ల మిరపకాయల తొడిమెలు తీస్తున్నది. ఆడికెల్లే అరిచింది.

"నా మొకం ఏం జూస్తడురా? పనిపాట లేదా వానికి? పొమ్మను!"

మేకల సైదులనుకున్నది ముసల్ది. ఆ సంగతి కాటమయ్యకు తెలుసు. ఒక్కమాట చెప్తె సరిపోతుండె. చెప్పలే. పీడ పోయింది, మంచిగయిందనుకున్నడు. ఏం మనిషో ఏమో!

సైదులు పెరటి తలుపు దిక్కు కొంచెంసేపు చూసిండు.

"మంచిది పటేలా," అని చెప్పులేసుకొని ఎల్లిపోయిండు.

మర్నాడు కాటమయ్య "ఈ మనిషికి ఈ ఊర్లె ఎవరూ లేరు" అని రాసి, దస్కత్ పెట్టి, తన కింద పనిచేసే ఊరి సుంకరి ఇస్రాయేలు చేతికిచ్చి ఠాణాకు పంపిండు.

ఇస్రాయేలు ఆ తెల్లారి మధ్యాహ్నానికి తిరిగొచ్చిండు. కాటమయ్య అరుగు మీదున్నడు. పక్కనే నర్సింగమ్మ.

"కాయితం ఇచ్చినవారా?"

"ఇచ్చిన పటేలా. ఇయ్యాల పొద్దుగాల రైలుబండికి ఎక్కిచ్చిన్రు. సరిహద్దు దాక జవాన్లు ఎంట ఉంటరట. ఇగ మల్ల రానియ్యరట."

"ఏమన్న అన్నడా?"

"నన్ను దగ్గరికి పిలిచి, నర్సింగమ్మ పానం మంచిగున్నదా అని అడిగిండు. ఆమె భయపడ్డది, ఆమె తప్పేం లేదన్నడు."

నర్సింగమ్మ తలెత్తింది.

"నా పానం ఎవడడిగిండురా?"

"సైదులమ్మా."

"సైదులు కొట్టంల మేకలు పిండుతుండు గదరా. వాడు రైలెక్కుడేంది?"

ఇస్రాయేలు పటేలు దిక్కు చూసిండు.

"ఏ సైదులురా?"

కాటమయ్య నసిగిండు. "మొన్న వచ్చిండు గదనే... ఎప్పుడో కరువుల పట్నం పోయిన దూదేకులోళ్ల పిల్లగాడట..."

"మౌలమ్మ కొడుకా?"

ముసల్ది దిగ్గున లేచింది. "బండి కట్టురా! నడువు, ఆలేరుకు నడువు!"

"ఇంకేడి రైలమ్మా. పొద్దుగాలనే పాయె," అన్నడు ఇస్రాయేలు.

"అయ్యో, నేను పొమ్మన్నది వాన్నా! నా నోరు పడిపోను!"

కాటమయ్య చెంప మీద ఫట్‌మని ఒక్కటి పడ్డది. ఊరికి పటేలు, అదీ సుంకరి ముందట. పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి అమ్మ చేతి దెబ్బ తినలేదు ఆయన.

"ఎవరే అమ్మా వాడు?"

నర్సింగమ్మ కూలవడ్డది. మాట ముక్కలు ముక్కలుగ వచ్చింది.

"నువ్వు పుట్టినంక నాకు చుక్క పాలు రాలేదురా. మూడు దినాలు ఏడ్చి ఏడ్చి సల్లవడ్డవు. మీ నాయినకు తెలిస్తె నరికేస్తుండె. మధ్యాహ్నం అందరు కునికినంక నిన్ను కొంగుల దాసుకొని మౌలమ్మ ఇంటికి ఉరుకుతుంటి. ఏడాది పొడుగూత. ఎవరికీ చెప్పనని ఆమెతోని ఒట్టేయించుకున్న. ఆ తల్లి ఒట్టు తప్పలేదు. కొడుకును గూడ తప్పనియ్యలేదు."

"అమ్మా..."

"ఇద్దరికి సరిపోకపోతుండెరా, తన కొడుకుకు గంజినీళ్లు తాపి, వాని పాలు నీకిచ్చింది... వాడు నీ అన్నరా!"